4ఎక్స్ ఎమ్‌ఎస్‌ఏఏ పెట్టినా కంచె మినుకుమంటోందా?

1080పీ మానిటర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డుతో వీడియో గేమ్‌లో ఎమ్‌ఎస్‌ఏఏను (వస్తువుల అంచుల్లో కనిపించే మెట్లను నునుపు చేసే యాంటీ-అలియాసింగ్ పద్ధతుల్లో ఒకటి) 4ఎక్స్‌కు పెంచినా, ఆటలో నడిచేటప్పుడు ఇనుప వలకంచె, చెట్ల ఆకులు మినుకుమంటున్నాయని, పైగా ఫ్రేమ్‌రేటు (సెకనుకు కనిపించే చిత్రాల సంఖ్య) పడిపోయిందని రాశారు. లోపం మీ కార్డుది కాదు, ఎంచుకున్న పద్ధతిది.

ఎమ్‌ఎస్‌ఏఏ ఒక్కో పిక్సెల్‌లో నాలుగు చోట్ల త్రిభుజం (ఆటలోని వస్తువులను త్రిభుజాలతోనే కడతారు) కప్పిందా లేదా అని చూస్తుంది గానీ, రంగును మాత్రం ఒక్కో త్రిభుజానికి ఒక్కసారే లెక్కిస్తుంది. గోడ అంచు నునుపు కావడానికి అది చాలు. వలకంచె సంగతి వేరు. అది సాధారణంగా రెండు త్రిభుజాల మీద అతికించిన ఒక బొమ్మ. అందులోని కన్నాలు ఆ బొమ్మ, అంటే టెక్స్చర్‌లోని ఆల్ఫా విలువను (ఎక్కడ ఎంత పారదర్శకమో చెప్పే సంఖ్యను) బట్టి ఏర్పడతాయి కనుక, తీగ అంచు ఎమ్‌ఎస్‌ఏఏ కంట పడదు.

ఎఫ్‌ఎక్స్‌ఏఏ అనే మరో పద్ధతి పూర్తయిన చిత్రం మీద పనిచేస్తుంది కాబట్టి కార్డుకు భారం తక్కువే, కానీ సన్నని వివరాలను మసకబారుస్తుంది. అలాంటిదే అయిన ఎస్‌ఎమ్‌ఏఏ అంతకంటే స్పష్టం. అయితే మామూలు రూపంలో అదీ ఒక్క ఫ్రేమునే చూస్తుంది కనుక కదలికలోని మినుకు అలాగే ఉంటుంది.

మీకు కావలసింది టీఏఏ అనే పద్ధతి. ఇది ప్రతి ఫ్రేములో కెమెరాను పిక్సెల్‌లో కొంత భాగం మేర జరిపి, మోషన్ వెక్టర్ల (ఏ పిక్సెల్ ఎటు కదిలిందో చెప్పే సమాచారం) సాయంతో పాత ఫ్రేములను కొత్తదానితో కలుపుతుంది. వేగంగా కదిలే వస్తువుల వెనుక నీడలాంటి చార కనిపించవచ్చు, చిత్రం కాస్త మెత్తబడవచ్చు. షార్పెనింగ్‌ను (చిత్రానికి పదును పెంచే సెట్టింగ్) కొద్దిగా, అతి చేయకుండా, పెంచండి. ఆటలో ఎఫ్‌ఎస్‌ఆర్ నేటివ్ ఏఏ అనే ఇలాంటి ఎంపిక ఉంటే అదీ ప్రయత్నించండి. డీఎల్‌ఏఏ అనే ఇంకో పద్ధతికి ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి, కనుక అది మీ కార్డుపై పనిచేయదు.