వారసత్వమా, దాయమా? ఊరు మారిన జట్టు పేరు

సందేహం: అమెరికాలో ఒక జట్టు ఊరు మారితే పేరూ పాత గెలుపులూ వెంట తీసుకుపోతుందనీ, ఒక్కోసారి వాటిని పాత ఊరికే వదిలిపెట్టవలసి వస్తుందనీ చదివాను. మన పత్రికలు దీన్ని ‘జట్టు మకాం మార్చింది, వారసత్వాన్ని వదులుకుంది’ అని రాస్తున్నాయి. ఇక్కడ ‘వారసత్వం’ సరైన మాటేనా? ఐపీఎల్ క్రికెట్‌లో హైదరాబాదు పాత జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2009లో గెలిచిన కప్పును తర్వాతి జట్టు సన్‌రైజర్స్ వారసత్వం అనవచ్చా? సరస్సుల పేరు పెట్టుకొన్న అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు లేకర్స్ వేరే ఊరికి పోయాక కూడా ఆ పేరుతోనే ఉండడం తప్పు కాదా? (కావలి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ ఉత్తరంలో మాటను గురించిన సందేహమూ, హక్కును గురించిన సందేహమూ కలిసి ఉన్నాయి. మాట తేలితే హక్కు సగం తేలుతుంది కనుక ముందు మాటల సంగతి చూద్దాం.

‘మకాం’ కొద్దికాలపు బసకు చెప్పే మాట. ఢిల్లీ క్యాపిటల్స్ 2024లో తమ సొంత మ్యాచ్‌లు రెండింటిని విశాఖపట్నంలో ఆడినప్పుడు ‘మకాం మార్చింది’ అంటే ఒప్పుతుంది. ఊరినే విడిచిపెట్టి పోయిన జట్టుకు ‘తరలిపోయింది’ అనడం మేలు. ‘వలస’లో తిరిగి వచ్చే ఆశ కూడా ఉంటుంది, మన నేలపట్టు చెట్ల మీదికి ఏటేటా వచ్చే గూడబాతులను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఇక ‘వారసత్వం’. దీనిలో మొదటి భాగం అరబ్బీ ‘వారిస్’, అంటే ఆస్తికి హక్కుదారు. దానికి మనవాళ్లు సంస్కృత ‘త్వ’ ప్రత్యయం చేర్చుకొన్నారు. పూర్వపు పండితులు ఈ కలయికను మెచ్చరు గాని, జనం నాలుక మీద తరాలుగా నిలిచిన మాటను కాదనే అధికారం నాకు లేదు. నా అభ్యంతరం అర్థాన్ని గురించి. ‘త్వం’ స్థితిని చెబుతుంది కనుక వారసత్వం అంటే వారసుడై ఉండడం. వారసునికి దక్కిన వస్తువు వేరు. అరబ్బీలోనే ఈ రెంటికీ వేర్వేరు మాటలు ఉన్నాయి. మనిషి ‘వారిస్’ అయితే, అతనికి వచ్చే సొత్తు అదే ధాతువు నుంచి పుట్టిన ‘మీరాస్’. అదే మన పల్లెల్లో ‘మిరాసీ’ అయింది. తిరుమల అర్చకుల మిరాసీ, అంటే వంశపారంపర్య హక్కు, 1987 నాటి చట్టంతో రద్దయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అన్నదమ్ముల్లా కలిసి వచ్చిన రెండు మాటల్లో ఒకదాన్ని మూలన పడవేసి, రెండో దాని మీద ఇద్దరి బరువూ మోపడం ఆటల పుటలు రాసేవారికి అలవాటైపోయింది. ఆ బరువుకు ఇబ్బంది కలిగినప్పుడు ‘లెగసీ’ అని రాసి ఊరుకొంటున్నారు. అది ఇంకా అన్యాయం, ఎందుకంటే ఈ వస్తువుకు తెలుగు కవి వాడిన మాట మన నెల్లూరి సీమలోనే ఏడు వందల ఏళ్ల నాడే ఉంది.

ఆ కవి మూలఘటిక కేతన. తన దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన వానిగా అతన్ని అందరూ ఎరుగుదురు. తెలుగు పద్యాల్లో తెలుగుకు వ్యాకరణం రాసిన తొలివాడు కూడా అతడే. కాని అతని మూడో కృతిని తలచేవారు తక్కువ. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. కేతన దాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’ అనే పేరుతో తెలుగు చేశాడు. అన్నదమ్ముల పంపకాలూ అప్పులూ సాక్ష్యాలూ పద్యంలో చెప్పబూనడానికి ఎంత సాహసం కావాలి! శాసనమైన ధర్మం సంస్కృతం రానివానికి కూడా అందాలని తలచినవాడు గనుకనే ఆ పని చేశాడు. నేను కేతనను తిక్కన నీడలో కూర్చోబెట్టడానికి ఎప్పుడూ ఒప్పుకోను.

ఆ ధర్మశాస్త్రం దృష్టిలో తండ్రితాతల నుంచి వచ్చే సొత్తు ‘దాయం’. ఇవ్వడమనే అర్థం గల ‘దా’ ధాతువు నుంచి వచ్చింది. దాయాన్ని పంచుకొనేవాడు దాయాది. పంపకంలో పగ పుట్టడం లోకసహజం గనుక తెలుగులో ‘దాయ’ అంటే శత్రువు అనే అర్థం కూడా ఏర్పడింది. పాచికలాటలో వేసే పందెం పేరు కూడా దాయమే. విజ్ఞానేశ్వరుడు దాయానికి ఇచ్చిన నిర్వచనం చాలా పదునైనది: స్వామితో గల సంబంధం అనే ఒక్క నిమిత్తం చేతనే ఏ ధనం ఇంకొకని సొంతమవుతుందో అది దాయం. కొన్నది దాయం కాదు, గెలుచుకొన్నది దాయం కాదు.

ఈ నిర్వచనాన్ని చేతపట్టుకొని మీరు చెప్పిన జట్లను చూడండి. ప్రశ్న అంతా ‘స్వామి ఎవరు?’ అనే దగ్గరికి వస్తుంది. లేకర్స్ 1960లో మినియాపొలిస్ నుంచి లాస్ ఏంజెలెస్ తరలినప్పుడు యాజమాన్యమే స్వామి అని లెక్క. అందువల్ల వారి 17 టైటిళ్లలో 5 మినియాపొలిస్‌లో గెలిచినవైనా లాస్ ఏంజెలెస్ ఖాతాలోనే ఉన్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కథ దీనికి విరుద్ధం. యజమాని ఆర్ట్ మోడెల్ 1995లో జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తానన్నాడు. ఊరు న్యాయస్థానానికి ఎక్కింది. చివరకు పేరూ రంగులూ పాత రికార్డులూ ఊరికే మిగిలేటట్టు ఒప్పందం కుదిరింది. ఆటగాళ్లతో తరలిన జట్టు 1996లో ‘రేవెన్స్’ అనే కొత్త పేరుతో మొదలుపెట్టగా, 1999లో మళ్లీ పుట్టిన బ్రౌన్స్‌కు పాత చరిత్ర అంతా దక్కింది. అక్కడ స్వామి ఊరే అని తేలింది. విజ్ఞానేశ్వరుని వాక్యం రెండు చోట్లా చెదరలేదు.

మన భారతంలోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. కురువు సంతతి కౌరవులు గదా. ఆ లెక్కన ధర్మరాజూ కౌరవుడే, అర్జునుడూ కౌరవుడే. గీతలో కృష్ణుడు అర్జునుణ్ణి ‘కురునందన’ అనీ ‘కురుశ్రేష్ఠ’ అనీ పిలిచాడు. అయినా ఆ పేరు హస్తినాపురంలో ఉండిపోయినవారికే అంటుకుపోయింది. ఖాండవప్రస్థానికి పోయి కొత్త ఊరు కట్టుకొన్నవారిని మనం తండ్రి పేరుతోనే పిలుస్తాం. తిక్కన తెలిగించిన చివరి పర్వాల్లో, పాండవులు మహాప్రస్థానానికి బయలుదేరేముందు పరీక్షిత్తును హస్తినాపురంలోనూ, యాదవుడైన వజ్రుణ్ణి ఇంద్రప్రస్థంలోనూ నిలుపుతారు. ఇంత యుద్ధం జరిగిన తర్వాత కూడా కురువంశపు దాయం పాత ఊరికే చేరింది, కొత్త ఊరు వేరొక వంశానికి పోయింది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నా మనస్సు బరువెక్కుతుంది.

డెక్కన్ ఛార్జర్స్ విషయంలో యాజమాన్యం ఒకటి కాదు. 2012లో ఆ జట్టు ఒప్పందం రద్దయింది, హైదరాబాదు జట్టు హక్కును సన్ టీవీ వారు కొత్తగా కొని 2013లో సన్‌రైజర్స్‌గా దిగారు. కొన్నది దాయం కాదని ముందే చెప్పుకొన్నాం. క్లీవ్‌లాండ్‌లో వలె చరిత్ర ఊరికే చెందాలనే ఒప్పందమూ ఇక్కడ లేదు. కనుక సన్‌రైజర్స్ ఖాతాలో తాము గెలిచిన 2016 నాటి కప్పు ఉంటుంది, 2009 నాటిది ఉండదు. ‘హైదరాబాదుకు రెండు కప్పులు వచ్చాయి’ అని ఊరి పేరిట చెప్పుకోవడంలో మాత్రం నాకు దోషం కనిపించదు. ఆ రెంటినీ చూసి మురిసిన జనం ఒక్కరే.

అయితే ‘వారసత్వం’ అని రాయడం తప్పేనా అంటే, గట్టిగా తప్పు అనడానికి నాకు నోరు రావడం లేదు. ‘కవిత్వం’ కూడా ఒకప్పుడు కవి అయి ఉండడమే. నేడు ‘తిక్కన కవిత్వం చదివాను’ అంటే పద్యాలు చదివినట్టే. వారసత్వం కూడా ఆ దారిలో ఇప్పటికే కొంత దూరం నడిచింది. నేనైతే ‘సన్‌రైజర్స్‌కు వారసత్వం లేదు, ఆ కప్పు వారి దాయం కాదు’ అని రాస్తాను. మీరు ‘చరిత్ర’ అని రాసినా చదివేవారికి బోధపడుతుంది. ‘లెగసీ’ని మాత్రం దయచేసి వాడకండి.

లేకర్స్ పేరు మాట మిగిలింది. మినియాపొలిస్ ఉన్న మిన్నెసోటా సరస్సులకు పేరుపడ్డ రాష్ట్రం, పేరు అక్కడిదే. కాని మన ఇంటిపేర్లు చూడండి: తాతముత్తాతలు విడిచివచ్చిన ఊరి పేరును ఎన్ని కుటుంబాలు మన సీమలో మోస్తున్నాయో! తిక్కన నెల్లూరిలో మనుమసిద్ధి కొలువులో ఉండి భారతం రాస్తూ కూడా తండ్రి కొమ్మనను ‘గుంటూరివిభుఁడు’ అనే చెప్పుకొన్నాడు. మన ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్‌కు పోయి, అక్కడ నెల్లూరు పేరుతో ‘నెలోరి’ అయ్యాయి. ఇక్కడ ఒంగోలు పేరు, అక్కడ నెల్లూరు పేరు, జాతి ఒక్కటే. కాబట్టి లేకర్స్ పేరును తప్పు అని నేను అనలేను, ఆ పేరు మినియాపొలిస్‌లోనే ఉండిపోతే బాగుండేదని మాత్రం నాకు అనిపిస్తుంది.