పెళ్లికి డ్రోన్ పెట్టించుకోవాలా? అనుమతి కావాలా?

ఊరేగింపో, ఆరుబయట విందో ఉంటేనే పెళ్లికి డ్రోన్ పనికొస్తుంది. అనుమతి కావాలా వద్దా అన్నది మండపం ఎక్కడుందన్న దాన్నిబట్టి ఉంటుంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే మ్యాప్‌లో రెడ్, యెల్లో అని గుర్తించని చోట, 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపలైతే మాత్రం కావాలి, ఎందుకంటే దిగే విమానాలు అక్కడ బాగా కిందికి వస్తాయి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ మినహాయింపు 200 అడుగుల వరకే.

ఉదాహరణకు, పెళ్లి ఒడిశాలోని గుణుపూర్‌లో, రిసెప్షన్ అక్కడి కొరాపుట్ జిల్లా జయపురంలో అనుకోండి. జయపురంలో విమానాశ్రయం ఉంది కాబట్టి హాలు ఏ జోన్‌లో పడుతుందో ముందే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో చూసుకోవాలి. ఇక గుణుపూర్‌లో ముహూర్తం అర్ధరాత్రి పందిరి కిందైతే డ్రోన్‌కి కనిపించేది పందిరి కప్పే. పైగా దాని రొదలో మంత్రాలు కూడా వినిపించవు.

"250 గ్రాముల లోపు డ్రోన్‌కి ఏ రూలూ లేదు" అనేది చాలామందికి ఉన్న అపోహ. దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే. కానీ రెడ్ జోన్‌లో, అంటే కేంద్రం అనుమతితోనే డ్రోన్ ఎగరేయాల్సిన చోట, అనుమతి లేకుండా అదీ ఎగరకూడదు. డబ్బు తీసుకుని అంతకంటే బరువైనది ఎగరేసే ఫొటోగ్రాఫర్‌కి సర్టిఫికెట్ ఉండాల్సిందే.