డేటాబేస్ బాధ్యత తీసుకుంటున్న అమ్మాయికి బాబాయి లేఖ

అమ్మాయీ,

ఆశీస్సులు. ఇకపై డేటాబేస్ సర్వర్లన్నీ నీ చేతికే వస్తున్నాయని మీ నాన్న చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. ఆ వెంటనే, డిస్క్ నిండిన రోజున నువ్వు ఏం చేస్తావోనన్న దిగులూ పట్టుకుంది. బ్యాకప్‌లు తీయడమే కాదు, వాటిని వేరే యంత్రంలో పునరుద్ధరించి చూడు. దాని గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

నువ్వు చూసే పట్టికను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డిస్క్ మీద 8 కిలోబైట్ల పేజీలుగా దాచుకుంటుంది, ఫైలు 1 గిగాబైట్‌కు చేరితే మరో ఫైలు మొదలుపెడుతుంది. ఒక వరుసను మార్చినప్పుడు ముందుగా మారేది మెమరీలో ఉన్న పేజీ; ఆ మార్పు వివరం లాగ్‌లో, అంటే మార్పులను వరుసగా రాసుకునే చిట్టాలో, చేరి డిస్క్‌కు ఎక్కిన తరువాతే కమిట్ అయిందని, అంటే మార్పు ఖాయమైందని, నీకు జవాబు వస్తుంది. డేటా ఫైలు చెక్‌పాయింట్ నాటికి, అంటే మెమరీలో మారిన పేజీలను డిస్క్‌కు రాసి ముగించే సమయానికి, తీరిగ్గా అందుకుంటుంది. అందుకే కరెంటు పోయిన క్షణాన తాజా లెక్క లాగ్‌లోనే ఉంటుంది.

మా బృందంలో ఒక తెలివైన కుర్రవాడు ఉండేవాడు. డిస్క్ నిండి సర్వర్ ఆగిపోయిన రాత్రి, ఈ లాగ్ ఉండే, అప్పట్లో పీజీ ఎక్స్‌లాగ్ అని పిలిచే డైరెక్టరీలో 16 మెగాబైట్ల ఫైళ్లు గుట్టగా కనిపించేసరికి, అవి పాత సందేశాలేనని తుడిచేశాడు. సర్వర్ మళ్ళీ లేవలేదు. చెక్‌పాయింట్ రికార్డు దొరకడం లేదంది. లాగ్‌ను బలవంతంగా రీసెట్ చేస్తే లేచింది గాని, ఇండెక్స్, అంటే వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక, చూపించే వరుసలు కొన్ని పట్టికలో లేవు, చివరికి బ్యాకప్‌ను ఆశ్రయించి ఆ రోజు పనంతా వదులుకున్నాం. ఇలాంటి పొరపాట్లు ఎన్నో జరిగాకే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ డైరెక్టరీకి లాగ్ అన్న మాట లేకుండా పీజీ వాల్ అని పేరు మార్చారు. ఆ కుర్రవాణ్ణి అందరూ తిట్టారు. ఆ ఫైళ్లు ఎందుకు పేరుకున్నాయని మాత్రం చాలాసేపటి వరకు ఎవరూ అడగలేదు. లాగ్ ఫైళ్లను వేరేచోటికి నకలు తీసే ఆర్కైవ్ కమాండ్ కొన్నాళ్లుగా విఫలమవుతోంది; నకలు తీయనిదే సర్వర్ ఆ ఫైళ్లను తొలగించదు; దాన్ని గమనించవలసినవాళ్ళు అతనికి పైవాళ్ళే.

కాబట్టి ఆర్కైవ్ విఫలమైతే, మరో సర్వర్ అందుకునేదాకా లాగ్‌ను నిలిపి ఉంచే రెప్లికేషన్ స్లాట్ ఎవరూ వాడకుండా పాత లాగ్‌ను పట్టుకుని కూర్చుంటే నీకు హెచ్చరిక వచ్చేలా ముందే ఏర్పాటు చెయ్యి. లాగ్‌కు వేరే డిస్క్ అడుగు. ఖర్చని గొణిగితే గొణగనీ. డిస్క్ నిండితే స్థలం పెంచు, లేదా డేటాబేస్‌కు సంబంధం లేని ఫైళ్లు తీసెయ్యి. ఆ డైరెక్టరీలో దేని మీదనైనా చెయ్యి వెయ్యాలనిపిస్తే, ఎంత రాత్రయినా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి తల్లీ.

మీ బాబాయి