ఒకే అణువుతో రెండు పదార్థాలను పట్టాలంటే

చిరంజీవి మేనకోడలికి, బల్లార్‌పూర్ నుంచి మామయ్య ఆశీస్సులు.

నీటిలో ఫ్లోరైడునూ ఇనుమునూ వెలుగుతో పట్టడానికని నాగపూర్ నుంచి నువ్వు పంపిన అణువు బొమ్మ చూశాను. ఒక పక్క కూమరిన్, మరో పక్క రోడమిన్, రెండూ వెలుగు చిమ్మే రంగు పదార్థాలే. ఫ్లోరైడు తగిలితే నీలం వెలుగు, ఫెర్రిక్ ఇనుము తగిలితే గులాబీ. కాగితం మీద ముచ్చటగా ఉంది. మన చంద్రపూర్ బోరు నీళ్లలో మాత్రం తడబడుతుంది.

కారణం ఇనుమే. భూమిలోంచి వచ్చేటప్పుడు అది ఎక్కువగా ఫెర్రస్ రూపంలో ఉంటుంది. పొద్దున తేటగా పట్టిన బిందెలో సాయంత్రానికి ఎర్రమడ్డి దిగడం నువ్వూ చూశావు. గాలి తగిలి ఫెర్రిక్‌గా మారి, హైడ్రాక్సైడై అడుగు పడుతుంది. కరిగి ఉన్న ఫెర్రిక్ ఇక నీకు దొరికేదెక్కడ? ఆమ్లం వేసి కరిగిద్దామంటే, ఆ ఆమ్లానికే రోడమిన్ వలయం తెరుచుకుని, ఇనుము లేకున్నా గులాబీ చూపిస్తుంది. అంతేకాదు, ఆమ్ల నీటిలో కరిగిన ఫెర్రిక్ ఇనుము ఫ్లోరైడును తనతో బంధించి దాచేస్తుంది. అంటే నీ అణువు కంటే ముందే ఆ రెండూ కూడబలుక్కుంటాయి!

కాబట్టి ఫెర్రిక్‌ను వదిలి ఫెర్రస్‌నే పట్టు. రోడమిన్ జాతి అణువులో నైట్రోజన్ మీద ఆక్సిజన్ తగిలిస్తే వెలుగు అణిగిపోతుంది. ఫెర్రస్ ఇనుము ఆ ఆక్సిజన్‌ను లాగేస్తే మళ్లీ వెలుగుతుంది. 2013లో జపాన్ పరిశోధకులు ఈ పద్ధతి చూపించారు. దీనికి ఆమ్లం అక్కరలేదు. అయితే నీరు పట్టిన వెంటనే పరీక్షించాలి.

ఫ్లోరైడు వైపు, కూమరిన్‌ను మూసి ఉంచిన సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని ఫ్లోరైడుతో తెంచి దాన్ని వెలిగించే ఆలోచన మంచిదే. కానీ అసిటోనైట్రైల్ అనే నీరు కాని ద్రావకంలో వచ్చిన ఫలితానికి మురిసిపోకు. నీటిలో ఫ్లోరైడు చుట్టూ నీటి అణువులు గట్టిగా కమ్ముకుంటాయి, చర్య నెమ్మదిస్తుంది. సీటాబ్ వంటి ధనావేశ సబ్బు పదార్థం కొంచెం కలిపితే వేగం పెరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడుకు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు అంటే సుమారు 79 మైక్రోమోలార్. అక్కడ స్పష్టంగా తేడా చూపకపోతే మిగతా గ్రాఫులు ఎంత బాగున్నా నాకు నచ్చవు. బంధం తెగి విడుదలయ్యే హైడ్రాక్సీ కూమరిన్ పీకేఏ (అది సగం మేర ప్రోటాన్ వదిలే పీహెచ్) 8కి దగ్గర. బోరు నీటి పీహెచ్ కొంచెం మారినా వెలుగు మారుతుంది. పీహెచ్ నిలకడగా ఉంచే హెపీస్ బఫరు వాడు, ఫాస్ఫేటు వద్దు, అది ఇనుమును దించేస్తుంది.

ఇంకో చిక్కు: రోడమిన్ వెలిగాక కూమరిన్ శక్తిని తాను లాక్కుంటుంది. అప్పుడు ఫ్లోరైడు తగ్గకపోయినా నీలం తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఏదీ లేని నీరు, ఫ్లోరైడు మాత్రమే, ఇనుము మాత్రమే, రెండూ కలిసినవి — ఈ నాలుగింటినీ ఒకే రోజు కొలిచి చూడు. రెండూ ఉన్న గొట్టం దగ్గరే ఇలాంటి చాలా ప్రోబులు (పదార్థాన్ని పట్టే అణువులు) ఓడిపోతాయి, ఆ ఫలితాన్నే ముందుగా నాకు పంపు. ఆ తర్వాత ఇక్కడి నీటిలో ముందే తూచిన ఫ్లోరైడు కలిపి, నీ అణువు ఎంత చూపిందో ఫ్లోరైడు ఎలక్ట్రోడ్‌తో పోల్చు.

దసరాకు వస్తే బోరు దగ్గరే చేద్దాం. నీ సీసాలు, వెలుగు చూసే అతినీలలోహిత దీపం తెచ్చుకో.

మామయ్య