‘పెట్టె’ చదవమంటారు, కొత్త కవిత రావడం లేదు

ప్రశ్న: మాది జగిత్యాల వైపు. నాకు 39 ఏళ్లు, ప్రభుత్వ బడిలో తెలుగు టీచర్‌ని. మా బాపు దుబాయిలో కూలి పనికి పోయి 2012లో అక్కడే చనిపోయాడు. ఆయన శవం పెట్టెలో శంషాబాద్ చేరేసరికి చాలా రోజులు పట్టింది. రెండేళ్ల తర్వాత దాని మీద ‘పెట్టె’ అనే కవిత రాశాను. దానితోనే నాకు పేరు వచ్చింది. 2017లో పుస్తకం వేసుకున్నాను. అప్పటినుంచి ఎక్కడ కవి సమ్మేళనం పెట్టినా పిలుస్తారు, ‘పెట్టె’ చదవమంటారు. మా ఆయనకు చాలా గర్వం. ప్రతిసారీ వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారు, ఎంతమంది చూశారో రాత్రి పడుకోబోయే ముందు చెబుతారు. కానీ మూడేళ్లుగా సభలవాళ్లు అంశం ఇచ్చి అడిగితే రాసినవి తప్ప, నా అంతట నేను ఒక్క కవిత రాయలేదు. సభ నుంచి వచ్చిన రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు రాద్దామని కూర్చుంటే ఏమీ రాదు. మా బడిలో తండ్రులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు చాలామంది. వాళ్ల గురించి మొదలుపెడితే మళ్లీ ‘పెట్టె’ లాగే వస్తుంది, చింపేస్తాను. ఇంకో భయం కూడా ఉంది. ఏ లైను దగ్గర హాలంతా నిశ్శబ్దమవుతుందో నాకిప్పుడు ముందే తెలుసు. సరిగ్గా అక్కడ నా గొంతు పూడుకుపోతుంది. అది నిజమైన ఏడుపా, అలవాటా? మొన్న మా అమ్మ ఫోన్లో వీడియో చూసి, “ఎన్నిసార్లు తెస్తవు బిడ్డా మీ బాపును ఆ పెట్టెల?” అంది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. స్టేజీ మానేయాలా? నా రాత అయిపోయిందా? సెప్టెంబరులో కాళోజీ జయంతి సభకు ఒప్పుకున్నాను. దానికి వెళ్లాలా, వద్దా?

జవాబు: స్టేజీ మానేయమని నేను చెప్పను. మీ రాత అయిపోయిందని కూడా అనుకోవడం లేదు. రాసి చింపేస్తున్నానని మీరే అంటున్నారు. అయిపోయినవాళ్లు చింపడానికైనా కూర్చోరు.

ముందు ఆ ఏడుపు సంగతి చూద్దాం. మిమ్మల్ని లోపల తొలిచేస్తున్నది అదేనని నాకు అనిపిస్తోంది. మన పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడవడం మీరు చిన్నప్పటినుంచి చూసే ఉంటారు. పోయినవాళ్ల గుణాలు, చేసిన పనులు, పెట్టిన చేతులు అన్నీ వరసగా, ఒక రాగంలో చెబుతూ ఏడుస్తారు. కాస్త సద్దుమణిగాక కొత్త చుట్టం ఎవరైనా గడపలో అడుగుపెడితే మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటారు. ఆ మాటలకు వరస ఉంది, ఆ ఏడుపుకు సమయం ఉంది, అయినా అది దొంగ ఏడుపని ఊళ్లో ఎవరూ అనరు. దుఃఖానికి ఒక రూపం ఉంటే అది అబద్ధమైపోదు. ఒగ్గుకథ చెప్పేవాళ్లు కూడా అదే కథలో, అదే చోట రాత్రి తర్వాత రాత్రి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఏ లైను దగ్గర గొంతు పూడుకుపోతుందో మీకు ముందే తెలియడం నేర్పు. పదేళ్లుగా ఒకే కవిత చదువుతున్న మనిషికి అది తెలియకపోతేనే ఆశ్చర్యం. కాబట్టి మోసం చేస్తున్నానన్న నింద మీ మీద మీరు వేసుకోవద్దు.

అమ్మ అన్న మాట మాత్రం వేరు. దాన్ని దీనితో కలిపి చూడకండి. మీరు నటిస్తున్నారని ఆవిడ అనలేదు. గల్ఫ్ నుంచి మృతదేహం రావాలంటే ఎంత తతంగమో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి పోలీసుల కాగితాలు, మరణ ధ్రువీకరణ పత్రం, మన రాయబార కార్యాలయం అనుమతి, శవం పాడవకుండా చేసే ఎంబామింగ్, కంపెనీవాళ్ల సంతకాలు, ఆ తర్వాత కార్గోలో చోటు. అన్ని రోజులూ ఫోను ఎప్పుడు మోగుతుందా అని ఇంట్లో కూర్చున్న మనిషి మీ అమ్మ. మీరు ఆ రోజుల్ని కవిత చేశారు, అందుకే వాటిని ఎత్తి సభలో పెట్టగలుగుతున్నారు. ఆవిడకు అలాంటి వెసులుబాటు దొరకలేదు. మీ ఆయన పెట్టిన ప్రతి వీడియో ఆవిడ ఫోన్లోకి వచ్చి పడుతోంది. సభలో ఉన్నవాళ్లకు అది కవిత. ఆవిడకు మాత్రం ఆ రోజే మళ్లీ వచ్చినట్టు.

అందుకని అమ్మ దగ్గరికి వెళ్లి మాట్లాడండి. “నీకు బాధగా ఉందా? మానేయనా?” అని అడగకండి. అలా అడిగితే ఏ తల్లి అయినా “నాదేముంది, నువ్వు చదువుకో” అంటుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. ఆ వీడియోలు ఇక మీ ఇంటి గ్రూపులో పెట్టబోమని మీరే చెప్పండి. తను ఉన్న ఊళ్లో, తను వచ్చే సభలో ఆ కవిత చదవనని చెప్పండి. తర్వాత బాపు గల్ఫ్ పోకముందు ఎట్లుండేవాడో అడగండి, ఊరికే వినండి. నోటుపుస్తకం తీసుకుని మాత్రం వెళ్లకండి! అమ్మ చెప్పేది రేపటి కవితకు పనికొస్తుందన్న ఆలోచన మీ కళ్లలో కనబడితే ఆవిడకు తెలిసిపోతుంది.

ఇప్పుడు రాత సంగతి. మూడేళ్లు రాయలేదని భయపడుతున్నారు కానీ కవుల జీవితాల్లో మూడేళ్లు పెద్ద లెక్క కాదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ కవితల్లో ఎక్కువ భాగం 1930లలో రాసినవి. చలం దానికి ముందుమాట 1940లో రాశారు, పుస్తకం చేతికొచ్చింది 1950లో. తర్వాత ‘ఖడ్గసృష్టి’ రావడానికి 1966 దాకా పట్టింది. ఇప్పటికీ జనం నోట్లో ఉన్నవి ఎక్కువగా ఆ ముప్పైల నాటి పంక్తులే. ఒక కవితతో లేదా ఒక దశాబ్దంతో గుర్తుండిపోవడం మీకొక్కరికే పట్టిన గతి కాదు.

అలాగని కారణం లేదని కాదు. ‘పెట్టె’ రాసినప్పుడు మీ ఎదురుగా ఎవరూ లేరు. బాపు పోయి రెండేళ్లయింది. మీ పేరు ఎవరికీ తెలియదు, చదవమని అడిగేవాళ్లు లేరు, బాగాలేకపోతే అడిగేవాళ్లూ లేరు. ఇప్పుడు మీరు కాగితం ముందు కూర్చోగానే హాలు మొత్తం మీతోపాటు వచ్చి కూర్చుంటోంది. ఇక్కడ చప్పట్లు వస్తాయా, ఇక్కడ నిశ్శబ్దమవుతారా అని మొదటి పంక్తి పూర్తికాకముందే లెక్క మొదలవుతోంది. అందుకే పిల్లల గురించి మొదలుపెట్టినా అది ‘పెట్టె’ దారిలోకే పోతోంది. ఆ దారిలో ఎక్కడ చప్పట్లు వస్తాయో మీకు తెలుసు కదా.

దీనికి సభలు అంశం ఇచ్చి రాయించే పద్ధతి కూడా తోడైంది. నా అభిప్రాయం కొంచెం కటువుగానే చెబుతాను. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం, మార్చి 8 మహిళా దినోత్సవం, ఉగాది, జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం, ఆగస్టు 29 గిడుగు జయంతి, సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, ఆ తర్వాత బతుకమ్మ, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు. క్యాలెండర్ చూసుకుని కవిత రాసేవాళ్లకు ఏడాది పొడవునా పనే. ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు, చివర్లో పంచ్, తర్వాత శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో. (బీరువాలో శాలువాలు పెరిగినంత వేగంగా కవితలు పెరిగిన కవులు నాకు తెలిసి తక్కువ.) చాలాచోట్ల దారిఖర్చులు కూడా చేతినుంచే. ఈ రాత పూర్తిగా వ్యర్థమని అనను, చెయ్యి ఆడుతూ ఉంటుంది. కానీ చెప్పాల్సింది ముందే తెలిసిన రాత అది. అమ్మభాష గొప్పది, ఆడవాళ్లు శక్తి స్వరూపాలు, కొత్త సంవత్సరం మంచి తేవాలి. రాస్తూ రాస్తూ మీకు తెలియనిది మీరే కనుక్కునే అవకాశం అందులో లేదు. మీరు వెతుక్కుంటున్నది అదే.

కాబట్టి ఈ ఏడాది అంశం ఇచ్చిన సభల్లో ఎక్కువ వాటికి వద్దని చెప్పండి. సభలే కావాలనుకుంటే ఏదో ఒక రెండు ఎంచుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాయాలన్న ఆశ కూడా పెట్టుకోకండి. ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు, స్పాట్ వాల్యుయేషన్, వీటి మధ్య ఉగాది. ఆ రోజుల్లో రాయలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం అన్యాయం. బడికి వేసవి సెలవులు మొదలైన దగ్గర్నుంచి జూన్ 12 దాకా ఉన్న సమయం మీది. దసరా సెలవులు మీవి. వాటిలో సభలు పెట్టుకోకండి. సభ అయిన మర్నాడు, ఆ తర్వాతి రోజు రాతకు కూర్చోవద్దు. స్టేజీ దిగాక ఒళ్లు ఇంకా వేడిగానే ఉంటుంది, రాత్రి బస్సులో నిద్ర పట్టదు, రెండోరోజుకు నీరసం, మనసులో ఖాళీ. ఆ ఖాళీని చూసి రాత అయిపోయిందని మీరు భయపడుతున్నారు. ఆ రెండు రోజులు బట్టలు ఉతుక్కోండి, నిద్రపోండి.

రాసేటప్పుడు కవిత రాయాలని కూర్చోకండి. మీ క్లాసులో తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లవాడు ఏం చేస్తాడో వచనంలో, డైరీలాగా రాసిపెట్టండి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరు పెడతారు, వీడియో కాల్ ఏ సమయంలో వస్తుంది, తండ్రి సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లాక ఆ వారం వాడు బడికి వస్తాడా, రాడా? ‘పెట్టె’లో చనిపోయిన తండ్రి ఉన్నాడు. ఈ పిల్లల తండ్రులు బతికే ఉన్నారు, డబ్బు పంపుతున్నారు, ఫోన్లో కనబడుతున్నారు, ఇంట్లో లేరు. ఇది ఏడుపు తెప్పించే విషయం కాదు, హాలును నిశ్శబ్దం చేసే లైను ఇందులో తేలిగ్గా దొరకదు. అందుకే మీకు ఇది మేలు చేస్తుందని నా నమ్మకం. ఏదైనా రూపం తీసుకుంటే దాన్ని ఒక సీజన్ పాటు మైకు ముందుకు తీసుకెళ్లకండి, రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పొద్దున లేచేసరికి చేతులు జోడించిన ఎమోజీలు వస్తే ఇక దాన్ని దిద్దడానికి మనసు రాదు. ఉన్న మాట మొహమాటం లేకుండా చెప్పే ఒక్కరికి చూపించండి, చాలు.

ఆ ఒక్కరు మీ ఆయన కాకపోతేనే మంచిదనుకుంటాను. ఆయన మీద మీకు కోపం లేదని ఉత్తరంలోనే తెలుస్తోంది, ఉండాల్సిన పనీ లేదు. భార్య కవిత్వం చదువుతుంటే ముందు వరసలో కూర్చుని ఫోన్ పట్టుకునే భర్తలు ఎంతమంది? కానీ ఎంతమంది చూశారన్న లెక్క పడుకోబోయే ముందు మీ చెవిలో పడటం మీ రాతకు మంచిది కాదు. ఆ మాట ఆయనకు సూటిగా చెప్పండి: “మీరు తీసిన వీడియోల వల్లే నాకింత పేరు వచ్చింది. కానీ ఈ ఎండాకాలం నాకు ఎవరూ చూడని చోటు కావాలి. వ్యూస్ సంగతి నాకు చెప్పకండి.” ఉత్తి వద్దు అని ఆపకండి, ఆయన చిన్నబుచ్చుకుంటారు. సభలవాళ్ల ఫోన్లు ఆయనకు అప్పగించండి. మీరు మొహమాటంతో ఒప్పుకునే వాటిని ఆయన మర్యాదగా కాదనగలరు. ‘పెట్టె’ కొత్త వీడియోలు ఆపడం మాత్రం అమ్మ కోసమని విడిగా చెప్పండి. అల్లుడిగా ఆయనకు అది త్వరగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా అడగాలి. వేసవంతా ప్రయత్నించాక మీకు రాయడం కంటే చదవడంలోనే ప్రాణం ఉందని తేలితే? తేలనివ్వండి. తిరుపతి వేంకట కవుల కాలంలో అవధానంలో ఆశువుగా చెప్పిన పద్యాలెన్నో ఆ సభతోనే గాలిలో కలిసిపోయాయి, అయినా ఆ విద్యకు ఎవరూ లోటు చేయలేదు. కవిత్వాన్ని గొంతుతో బతికించేవాళ్లు రాసేవాళ్లకు తక్కువ కాదు. బడిలో మీరు పిల్లలకు పద్యం నేర్పేది కూడా గొంతుతోనే కదా. అయితే అది మీరు నిర్ణయించుకుని చేయాలి, కొత్తది రాక ఆ మూలకు జరిగిపోవడంగా కాదు.

నిద్ర పట్టకపోవడం సభ రాత్రులకే పరిమితమైతే నాకు దిగులు లేదు. రెండు వారాలకు మించి రోజూ నిద్ర లేకపోయినా, బడి మీద, పిల్లల మీద, తిండి మీద కూడా ఆసక్తి పోయినా అది కవిత్వం సమస్య కాదు, డాక్టరుకు చూపించుకోవాలి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

సెప్టెంబరు 9 సభకు వెళ్లండి, ఒప్పుకున్నారు కదా. ‘పెట్టె’ చదవమంటే, “ఇవాళ కాళోజీ పుట్టినరోజు, ఆయన కవితే చదువుతాను” అనండి, అది కాదనడానికి నిర్వాహకులకు నోరు రాదు. కాళోజీ కవితల పుస్తకం ‘నా గొడవ’ తిరగేసి నాలుగు నిమిషాలకు సరిపడేది ఒకటి ఆగస్టులోనే ఎంచి పెట్టుకోండి. మీ ఆయన వీడియో తీసుకుంటానంటే తీసుకోనివ్వండి, అమ్మకు అది పంపొచ్చు.