రోబోటిక్స్ క్లాసుకి గాజులు కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది కావలి. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరు, జీతం 30 వేలు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, నెలకు ఆరేడు వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 28 వేలు. పాప ఏడో తరగతి, బాబు ఆరు. బడి నుంచి రాగానే ఫోన్ పట్టుకుంటున్నారని ఇద్దరినీ సాయంత్రం రోబోటిక్స్, కోడింగ్ కోర్సులో చేర్చాలనుకుంటున్నాం. ఇద్దరికీ కలిపి రెండేళ్లకు 84 వేలట. గాజులు కుదువ పెట్టమంటారా, వాళ్లు ఇప్పించే జీరో వడ్డీ ఈఎంఐ తీసుకోమంటారా? బ్యాంకులో 22 వేలున్నాయి. అమెరికా సుంకాల గొడవప్పుడు మా ఆయనకు రెండు నెలలు సగం జీతమే ఇచ్చారు.

జవాబు: రెండూ వద్దమ్మా.

ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. ఏ అప్పు మంచిదని అడుగుతారే కానీ, అసలు అప్పెందుకని ఎవరూ అడగరు. మీరు చివర్లో ఊరికే రాసి వదిలేసిన రెండు వాక్యాలే నాకు ముఖ్యం. 2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది అమెరికాలో, జీతం సగమైంది మీ ఇంట్లో. ఇంకోసారి అలా కావడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చినా చాలు, కార్తీకంలో తుఫాను పట్టినా చాలు. ఉన్న 22 వేలతో మీ ఇల్లు 23 రోజులు నడుస్తుంది. ఇరవై నాలుగో రోజున ఎవరిని అడుగుతారు?

ఇంకో మాట. మీ లెక్క ప్రకారం నెలకు ఎనిమిది వేలు మిగలాలి. మిగులుతుంటే బ్యాంకులో 22 వేలే ఎందుకున్నాయి? చీటీకో, పాత బాకీకో పోతూ ఉండాలి. ముందు ఆ కన్నమెక్కడుందో చూడండి.

ఈఎంఐ సంగతి. జీరో వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఫీజులోనో, ప్రాసెసింగ్ చార్జీలోనో దాక్కుని ఉంటుంది. దానికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మీకు పాఠం చెప్పేది ఒకరు, అప్పిచ్చేది ఇంకొకరు. పాప నాలుగో నెలలో నాకొద్దని మొండికేసినా, సెంటరే మూతబడినా, నెలకు 3,500 కడుతూనే ఉండాలి. ఆపితే సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతారా లేదా అని బ్యాంకులు చూసే మార్కు, దెబ్బతింటుంది. రేపు ఇంటి లోనుకి వెళ్తే అది అడ్డం పడుతుంది.

ఈ వయసు పిల్లల సరదాలు ఎన్నాళ్లుంటాయో నాకు తెలుసు. మావాడు ఆరో తరగతిలో పట్టుబట్టి కీబోర్డు కొనిపించుకున్నాడు. మూడు నెలలు వాయించాడు. ఇప్పుడు దానిమీద ఇస్త్రీకిచ్చే బట్టలు పెడుతున్నాం. అప్పు చేసి కొనలేదు కాబట్టి నవ్వుకుంటున్నాం.

గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తే మిమ్మల్ని ఆదుకునేవి అవే. వాటిని రోబోటిక్స్ క్లాసులో చేసే ఒక బొమ్మ కారు నల్లగీత మీద నడవడానికి కుదువ పెడతారా?

ఆ 3,500 మీరే జీతం పడిన రోజున రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్లకు అసలే 84 వేలవుతుంది, అంటే మూడు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్టు. మీవారి జీతానికి నమ్మకం లేదు కాబట్టి నేనైతే ఆరు నెలలది, అంటే 1,68,000 ఉండాలంటాను. శ్రావణంలో, మాఘంలో పెళ్లి జాకెట్ల డబ్బు ఎక్కువొస్తే అదీ ఇందులోకే. ఇది నిండేదాకా పిల్లల పేరు మీద ఏ పాలసీ జోలికీ పోకండి. మీవారి పేరున టర్మ్ పాలసీ (మనిషికి ఏమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) లేకపోతే అది మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

పిల్లల సాయంత్రాలంటారా, ఒక్కొక్కరికి ఒక్కటే, నెలనెలా కట్టేది చూడండి. షటిల్ కావచ్చు, డ్రాయింగ్ కావచ్చు. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు రోబోల్లాంటివి సొంతంగా చేసి చూసుకునే గది) ఉందేమో కనుక్కోండి, ఆరో తరగతి నుంచే అందులోకి రానిస్తారు. కోడింగ్ మోజు నిజమో కాదో స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ ప్రోగ్రామ్‌తో ఇంట్లోనే తేలిపోతుంది, అది ఉచితం.

కోర్సు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, ఈరోజే ఆఖరు అంటారు. నెలనెలా కడతాం, మానేస్తే ఆ నెలతో సరి, ఒప్పుకుంటారా అని అడగండి. నసిగితే పెట్టేయండి.