జర్మనీలో ఉద్యోగం నుంచి తీసేస్తే ఏ కోర్టు?

మ్యూనిక్‌లో ఉద్యోగం నుంచి తీసేశారు, ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో కేసు వేయాలా అని అడిగారు కదా. అక్కడ కాదండీ, అది మామూలు సివిల్, క్రిమినల్ కేసుల కింది కోర్టు. జర్మనీలో కోర్టులు ఐదు శాఖలు: సాధారణ, కార్మిక, పరిపాలన, సాంఘిక భద్రత, పన్నులు. ఒక్కో శాఖకూ పైన వేరే అత్యున్నత కోర్టు ఉంటుంది. మన దగ్గరలా అన్నీ ఢిల్లీకే చేరడం ఉండదు. మీరు వెళ్లాల్సింది కార్మిక కోర్టుకు, ఆర్బైట్స్‌గెరిష్ట్ అంటారు.

ముందు తేదీ చూసుకోండి. లెటర్ చేతికందాక 3 వారాల్లోపు కేసు వేయాలి. దాటితే తొలగింపు చెల్లినట్టే లెక్క, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. లాయర్ దొరకలేదని టెన్షన్ పడకండి, మొదటి కోర్టులో లాయర్ తప్పనిసరి కాదు. కోర్టులోనే ఒక కౌంటర్ ఉంటుంది, మీరు చెబితే ఫిర్యాదు వాళ్లే రాసుకుంటారు. లెటర్, అది వచ్చిన కవరు, ఉద్యోగ ఒప్పందం పట్టుకెళ్లండి. ఒకవేళ లాయర్‌ను పెట్టుకుంటే, గెలిచినా ఈ దశలో ఆ ఫీజు మీరే కట్టుకోవాలి.